‘మనది’ అని రాసిన కవర్లు

"వేసుకో. నా కళ్ళ ముందే వేసుకో."

భార్య ఎదుట కొడుకు ఒక చేత్తో మాత్రల షీటు, ఇంకో చేత్తో నీళ్ళ గ్లాసు పట్టుకుని నిలబడ్డాడు. కోడలు ఆవిరి ఇస్త్రీ మిషను పక్కన ఎత్తు స్టూలు మీద కూర్చుని ఉంది. ఆ మిషను దగ్గర పది నిమిషాలు నిలబడితే ఎవరికైనా చెమటలు పోస్తాయి. ఆమె మాత్రం బూడిదరంగు స్వెటరు వేసుకుని, రెండు చేతులూ దాని జేబుల్లో పెట్టుకుని ఉంది.

లాండ్రీ కౌంటర్ మీద ముప్పై ఒక్క కవర్లు పరిచి ఉన్నాయి. అరచేతిలో ఇమిడే గోధుమరంగు కాగితపు కవర్లు. ప్రతి దాని మీదా ఒక తేదీ. బట్ట నంబరు ఉండాల్సిన చోట ‘మనది’ అని, పక్కనే నిలబడ్డ అతని తల్లి, పెద్దావిడ చేతిరాత.

ప్రతి కవర్లోనూ ఒక తెల్ల మాత్ర.

మధ్యాహ్నం ఎవరిదో కోటు తాలూకు బొత్తాల కోసం సొరుగులన్నీ వెతుకుతుంటే అడుగు సొరుగులో ఈ కట్ట దొరికింది. ఎవరివో అనుకున్నాడు మొదట. ఒకటి విప్పి చూశాడు. ఇంకొకటి విప్పాడు. మూడోది విప్పేసరికి షాపు షట్టరు సగం దించేశాడు.

"రోజూ పొద్దున్న నా చేత్తో నీ చేతిలో పెట్టాను," అన్నాడు. "నువ్వు నా ముందే నీళ్ళు తాగావు. మాత్ర వేసుకోనిదానివి నీళ్ళెందుకు తాగావు?"

"మీరు చూస్తున్నారని," అంది కోడలు.

ఏడాదిన్నరగా అతని రోజు ఆ మాత్రతోనే మొదలవుతోంది. బాయిలరు వేడెక్కేలోపు షీటులోంచి ఒకటి తీసి భార్య అరచేతిలో పెట్టడం, గ్లాసు అందించడం, ఆమె తాగాక ఇటు తిరిగి మిషను పిడి లాగడం. ఆ ఇటు తిరగడంలోనే మాత్ర జేబులోకి వెళ్ళిపోయేదని ఇవాళ తెలిసింది.

"పోనీ పారేయాలనుకుంటే బేసిన్ ఉందిగా. జేబులో ఎందుకు పెట్టావు?"

కోడలు ఒక్క క్షణం అత్తగారి వైపు చూసి, మళ్ళీ నేల వైపు చూసింది.

ఆ చూపు పెద్దావిడకి ఎక్కడో గుచ్చుకుంది. ఎక్కడో అప్పుడే తెలియలేదు.

"ఒరే, ముందు ఆ గ్లాసు కింద పెట్టు," అంది.

"నువ్వు మాట్లాడకమ్మా. నువ్వు ఇంకా గొప్ప. తనంటే ఒంట్లో బాగాలేని మనిషి. నీకేమైంది? ముప్పై ఒక్క రోజులు జేబులోంచి తీసి, కవర్లో వేసి, తేదీ కూడా రాసి, పైగా ‘మనది’ అని రాసి దాచిపెట్టావా? ఇది మన ఇల్లా, పోస్టాఫీసా?"

పెద్దావిడ దగ్గర జవాబు ఉంది. అది ఈ పూట ఎవరికీ పనికొచ్చే జవాబు కాదని తెలిసి ఊరుకుంది.

ఈ లాండ్రీలో బట్ట నీళ్ళు చూసే ముందు దాని జేబులు చూడాలి. పెద్దావిడ పెళ్ళై ఈ గుమ్మం తొక్కిన మర్నాటి నుంచీ అది ఆమె పని. దొరికినదాన్ని చిన్న కవర్లో వేసి, నంబరూ తేదీ రాసి, హ్యాంగరుకి గుచ్చాలి. ఉతికిన బట్టతో పాటే కవరూ వెళ్ళిపోతుంది. ఏం దొరికిందో ఇంకొకరికి చెప్పకూడదు. ఆ బట్ట మనిషిని అసలే అడగకూడదు. పోయిన భర్త పెట్టిన పద్ధతి అది.

ఒకసారి ఒకాయన కోటు జేబులో కట్టుడు పళ్ళు దొరికాయి. ఆయన నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని వచ్చి కోటు అడిగితే, భర్త ముఖంలో ఒక్క గీత కదలకుండా కవరుతో సహా అందించాడు. ఆయన వీధి మలుపు తిరిగాక భర్త లోపలికొచ్చి, వేలాడుతున్న కోట్ల మధ్య దూరి, కళ్ళలో నీళ్ళొచ్చేదాకా నవ్వాడు.

ఇంకోసారి ఒక కుర్రాడి చొక్కాలో ఆస్పత్రి కాగితం దొరికింది. భర్తకి మనసాగక, అంతా కులాసానేనా బాబూ అని అడిగేశాడు. ఆ కుర్రాడు బట్టలు తీసుకుని వెళ్ళాడు, మళ్ళీ ఈ షాపు మెట్లెక్కలేదు. దారిలో ఎదురుపడినా తల దించుకుని పోయేవాడు. అప్పట్నించీ ఆయన మరీ గట్టిగా చెప్పేవాడు. మనం ఉతికేది బట్టల్ని, మనుషుల్ని కాదు అని.

ఇంటి బట్టలకీ అదే పద్ధతి. ఆరు వారాల కిందట కోడలి గౌను జేబులో మొదటి మాత్ర దొరికినప్పుడు, పొరపాటున పడిపోయిందేమో అనుకుంది పెద్దావిడ. రెండోరోజూ దొరికింది. మూడోరోజు అది పొరపాటు కాదని తెలిసింది.

అయినా అడగలేదు. కవర్లో వేసి, నంబరు లేదు కాబట్టి ‘మనది’ అని రాసింది.

షట్టరు కింద నుంచి ఒక తల లోపలికొచ్చింది. లెక్కల మాస్టారు. నడుం వంచి, గొడుగు ముందు పెట్టి, ఆయన తర్వాత వచ్చాడు.

"సగం మూసిన కొట్టంటే సగం తెరిచిన కొట్టనే లెక్క కదమ్మా," అన్నాడు. "నా కోటు అయిందా?"

ముగ్గురూ ఒక్కసారిగా షాపువాళ్ళయిపోయారు. కొడుకు గ్లాసు బల్ల కింద పెట్టాడు. పెద్దావిడ కవర్ల మీద ఒక దుప్పటి లాగింది. కోడలు స్టూలు దిగి చీటీ అడిగింది. ఆమె జేబులోంచి కుడిచెయ్యి ఒక్కటే తీసింది.

మాస్టారి కోటు ఎక్కడుందో చెప్పడానికి మామూలుగా ఆమెకి చీటీ చూడక్కర్లేదు. ఏ నంబరు ఏ వరసలో ఉందో ఎప్పుడూ నోటి మీదే ఉండేది. ఆమె జ్ఞాపకశక్తి చూసి మాస్టారే, నువ్వు నా క్లాసులో ఉండుంటే నేను ఇంకా ముందే రిటైరయ్యేవాణ్ణి అని వేళాకోళమాడేవాడు.

ఇవాళ ఆమె చీటీ చూసింది. మళ్ళీ చూసింది. రెండో వరస చివరిదాకా వెళ్ళి, ఎవరిదో ఆడవాళ్ళ ఊదారంగు కోటు తెచ్చి కౌంటర్ మీద పెట్టింది.

మాస్టారు దాన్ని పైకెత్తి చూశాడు. భుజాలకి ఆనించుకున్నాడు. "ఉతికితే కుదించుకుపోతుందని విన్నానుగానీ, ఆడదైపోతుందని వినలేదమ్మా," అన్నాడు.

ఎవరూ నవ్వలేదు. ఆయన ముగ్గురి ముఖాలూ చూశాడు. కొడుకు వెళ్ళి అసలు కోటు తెచ్చి చేతిలో పెట్టాక, చిల్లర కూడా చూసుకోకుండా, వచ్చిన దారినే నడుం వంచి వెళ్ళిపోయాడు.

కోడలు ఊదారంగు కోటుని హ్యాంగరుకి తగిలించే ప్రయత్నం చేస్తోంది. ఒక భుజం ఎక్కిస్తే రెండోది జారిపోతోంది. పెద్దావిడ దగ్గరికెళ్ళి ఆ కోటు చేతిలోంచి తీసుకుంది. కోడలి వేళ్ళు చల్లగా తగిలాయి.

ఆరు వారాల నుంచీ ఇవన్నీ చూస్తూనే ఉంది పెద్దావిడ. మెట్లు దిగుతూ గోడ పట్టుకోవడం, తల తిప్పినప్పుడల్లా లోపలేదో షాక్ కొట్టినట్టు కళ్ళు మూసుకోవడం, తెల్లవారకముందే లేచి వంటింట్లో దీపం వేయకుండా కూర్చోవడం. ఈ మధ్య అవి కూడా తగ్గాయి. మనిషి నెమ్మదించిందనుకుంది. ఇప్పుడు చూస్తే అది నెమ్మదించడంలా లేదు. ఆరిపోవడంలా ఉంది.

కొడుకు గొంతు ఈసారి తగ్గింది. "ఎందుకు మానేశావో అదైనా చెప్పు," అన్నాడు.

బాయిలరు ఒకసారి నిట్టూర్చి ఊరుకుంది.

"పాప రోజు వస్తోందని," అంది చివరికి.

పాప తొమ్మిది రోజులు బతికింది. రెండేళ్ళయింది. ఆ తర్వాత ఆర్నెల్లు కోడలు మంచం దిగలేదు. తిండి లేదు, స్నానం లేదు, ఏడుపు ఒక్కటే ఉండేది. డాక్టరమ్మ మాత్రలు రాసిచ్చాక ఒక్కో మెట్టూ దిగి షాపులోకొచ్చింది. నంబర్లు నేర్చుకుంది. మాస్టారి వేళాకోళాలకి నవ్వడం మొదలుపెట్టింది. అందుకే ఆ మాత్రంటే కొడుక్కి దేవుడికంటే ఎక్కువ.

"పోయినేడు ఆ రోజు నాకు ఏడుపు రాలేదు," అంది కోడలు. "మీరు ఏడ్చారు. అత్తయ్య ఏడ్చారు. నేను దాని స్వెటరు పట్టుకుని కూర్చున్నాను. ఏమీ రాలేదు. ఎవరి బట్టో మడత పెడుతున్నట్టుంది. తొమ్మిది రోజులు పాలిచ్చినదాన్ని, దాని కోసం ఒక్క రోజు ఏడవలేనా అనిపించింది. ఈసారి ముందు ఒక మూడు రోజులు మానేస్తే వస్తుందేమో అనుకున్నాను. మూడు రోజులే అనుకున్నాను."

"వచ్చిందా?" అని అడిగాడు కొడుకు. అడిగాక తనకే సిగ్గేసినట్టు చూపు తిప్పుకున్నాడు.

"వచ్చింది. కానీ పోవడం లేదు."

తర్వాత మెల్లిగా చెప్పుకొచ్చింది. మూడు రోజులు నాలుగయ్యాయి. వారమయ్యాక మళ్ళీ వేసుకుందామనుకుంది. కానీ మానేశానని చెప్పాలంటే భయం. చెప్పకుండా వేసుకుంటే ఏమవుతుందోనని ఇంకో భయం. ఒక్కో రోజు గడిచేకొద్దీ చెప్పడం ఇంకాస్త బరువైంది. అప్పటికి తల తిరగడం మొదలైంది. అది మానేసినందుకు వచ్చిందో, పాత రోగమే తిరిగొచ్చిందో ఆమెకే తెలియలేదు.

కొడుకు కౌంటర్‌కి ఆనుకుని, రెండు చేతులతో ముఖం రుద్దుకున్నాడు. అతనికి కోపం ఎక్కువసేపు నిలవదు. చిన్నప్పుడు తండ్రి పొగబండి అని పిలిచేవాడు. బుస్సుమని కూత పెట్టి, రెండు ఊళ్ళు దాటగానే చల్లబడుతుందని. చల్లబడ్డాక వెంటనే ఏదో ఒకటి చేసేయాలంటాడు. అది ఇంకో ఇబ్బంది.

"సరే. అయిందేదో అయింది," అన్నాడు. "ఇవాళ్టి నుంచి రెండేసి వేసుకుందువుగాని. పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి. నెలరోజుల్లో పోయినవన్నీ కలిసొస్తాయి."

బల్ల కింది గ్లాసు మళ్ళీ పైన పెట్టి, షీటు నొక్కి రెండు మాత్రలు తీశాడు. కోడలు చెయ్యి చాపింది. ఈ గొడవ ఆగిపోతుందంటే ఏదైనా మింగేలా ఉంది ఆ చాపడం.

పెద్దావిడ గ్లాసు మీద అరచెయ్యి మూత పెట్టింది.

"వద్దు."

"అమ్మా, నువ్వు మళ్ళీ…"

"మొదట్లో డాక్టరమ్మ ఒక్కసారే మొత్తం ఇచ్చిందా? సగం మాత్రతో కదా మొదలెట్టింది. వారం తర్వాత కదా ఒకటి చేసింది. ఆర్నెల్లు పెట్టెలో ఉన్న ఊలు కోటుని తీసీ తీయగానే మరిగే నీళ్ళలో ముంచుతావా నువ్వు? మనకి తెలిసింది బట్టల సంగతి. ఇది తెలిసినావిడని అడుగు."

ఫోన్ చేయడానికి అతనికి మొహమాటం. ఏమని చెప్పను, రోజూ నేనే ఇస్తున్నానని గొప్పగా చెప్పుకున్నానే, అన్నాడు. పెద్దావిడ గ్లాసు మీద చెయ్యి తీయలేదు. చివరికి అతనే ఫోన్ తీశాడు.

డాక్టరమ్మ రెండో ప్రయత్నానికి దొరికింది. అతను అంతా ఒక్క గుక్కలో చెప్పాడు. దొరికిన కవర్లతో సహా. ఎన్నాళ్ళయిందని ఆవిడ అడిగితే, ముప్పై ఒక్క రోజులన్నాడు. పాప రోజుకి ముందు నుంచి లెక్కేస్తే ఆరు వారాలు కావాలే అని వెనక నుంచి పెద్దావిడ అందించింది. ఆ తేడా అప్పుడు ఎవరికీ తట్టలేదు.

ఆవిడ కోప్పడలేదు. అది విని కొడుకు భుజాలు రెండంగుళాలు కిందికి దిగాయి. చాలామంది మధ్యలో ఆపేస్తారని, ఇప్పుడైనా చెప్పడం మంచిదైందని అంది. పోయిన మాత్రలు పోయినట్టే, వాటికి బదులు వేయకూడదు అంది. ఇన్నాళ్ళు ఆగాక పాత మోతాదుతో ఒక్కసారి మొదలుపెట్టడం కూడా మంచిది కాదు. తను మనిషిని చూడాలి. రేపు పొద్దున పదింటికి తీసుకురమ్మంది. అప్పటిదాకా ఏదీ వేయొద్దు. బహుశా మళ్ళీ సగం నుంచే మొదలుపెట్టాల్సి వస్తుంది.

"మొదలుపెట్టిన రోజే బాగైపోతుందని చూడకండి," అనడం స్పీకర్లో అందరికీ వినబడింది. "రెండు మూడు వారాలు పడుతుంది. మొదటి రోజుల్లో కుదురు లేకపోవచ్చు, నిద్ర పట్టకపోవచ్చు. ఆ రోజుల్లో ఎవరో ఒకరు పక్కనే ఉండాలి. కాపలా కాయమనడం లేదు. పక్కన ఉండమంటున్నాను. తేడా తెలుసా బాబూ?"

"తెలుసండీ," అన్నాడు కొడుకు. తెలియనివాడి గొంతుతో.

తర్వాత ఆవిడ, స్పీకరు ఆపి ఫోన్ అమ్మాయికివ్వండి అంది.

కోడలు ఫోన్ తీసుకుని కోట్ల వరసల మధ్యకి వెళ్ళింది. ప్లాస్టిక్ తొడుగులు వేసిన కోట్లు, గౌన్లు, రెండు వైపులా మనుషుల్లా నిలబడి ఉన్నాయి. ఆమె నడుస్తుంటే అవి గరగరమన్నాయి. తర్వాత ఆ శబ్దం ఆగిపోయింది.

ఆమె మాటలే వినబడుతున్నాయి. అవతలి ప్రశ్నలు వినబడటం లేదు.

"లేదండీ… రెండు గంటలు… ఊఁ… తింటున్నాను, కొంచెం…"

ఒక తొడుగు గరగరమంది.

"ఒక్కోసారి," అంది కోడలి గొంతు. "రోజూ కాదు. ఒక్కోసారి."

కొడుకు తల్లి వైపు చూశాడు. ఆ ‘ఒక్కోసారి’ ఏ ప్రశ్నకి జవాబో ఇద్దరికీ తెలుసు. చావు అన్న మాట ఇద్దరిలో ఎవరూ పైకి అనలేదు. అతను దుప్పటి తీసి కవర్లు ఒకదాని మీద ఒకటి పేర్చడం మొదలుపెట్టాడు. చేతులకి పని కావాలి.

"నాన్న చెప్పిన మాట పట్టుకుని కూర్చున్నావు కదూ," అన్నాడు. ఈసారి నిష్ఠూరంగా కాదు, అలసటగా.

"అవునురా," అంది పెద్దావిడ. "అడిగితే ఆ కుర్రాడిలా తల దించుకుని పోతుందేమోనని భయపడ్డాను. పోవడానికి దానికెక్కడుంది, ఈ ఇంట్లోనే ఉంటుంది. ఒకే ఇంట్లో తల దించుకుని తిరిగితే ఎట్లా చూడను అనుకున్నాను. అందుకని నేనే తల దించుకున్నాను."

"ఒక్క మాట నాతో అనాల్సింది."

"అనాల్సింది. అందామనుకున్న ప్రతిసారీ ఇవాళ్టికి చూద్దాం అనుకున్నాను. చివరికి జేబు ఖాళీగా కనబడింది. మర్నాడూ ఖాళీయే. బతికిపోయాం, మళ్ళీ వేసుకుంటోంది, నేను నోరు విప్పకపోవడమే మంచిదైంది అనుకున్నాను. ఆ రోజు సంతోషంతో నీకు పొద్దున్నే రెండోసారి టీ పెట్టిచ్చాను. గుర్తుందా?"

కొడుకు చేతులు ఆగిపోయాయి.

"ఏ రోజు?"

"ఏమో. ఒక పదిరోజులై ఉంటుంది."

అతను పై కవరు ఎత్తి తేదీ చూశాడు. కట్టలో అన్నిటికన్నా తర్వాతి తేదీ అదే. గోడ మీది క్యాలెండర్ చూశాడు. వేలితో గళ్ళ మీద ఒక్కో రోజూ దాటుకుంటూ ఇవాళ్టిదాకా వచ్చాడు.

"పదకొండు," అన్నాడు. మళ్ళీ అన్నాడు. "పదకొండు రోజులమ్మా. ఈ పదకొండు రోజులూ నేను ఇస్తూనే ఉన్నాను. ఇవాళ పొద్దున కూడా ఇచ్చాను."

"వేసుకుందేమో."

"ఇందాక తనే చెప్పిందిగా. మూడు రోజులనుకుని ఆపాక మళ్ళీ మొదలెట్టలేదని."

అప్పుడే కోట్ల వెనక నుంచి కోడలి గొంతు వినబడింది. డాక్టరమ్మ ఏం అడిగిందో, కోడలు నెమ్మదిగా, స్పష్టంగా జవాబు చెప్పింది.

"లేవండీ. విడిగా ఏమీ లేవు. అన్నీ కవర్లలోనే ఉన్నాయి."

ఇద్దరూ కదల్లేదు.

పెద్దావిడకి ఇందాకటి చూపు గుర్తొచ్చింది. జేబులో ఎందుకు పెట్టావని కొడుకు అడిగినప్పుడు, నేలకి దిగిపోయే ముందు తన వైపు తిరిగిన చూపు. అది ఎక్కడ గుచ్చుకుందో ఇప్పుడు తెలిసింది. మాస్టారి కోటు కోసం చెయ్యి బయటికి తీసినప్పుడు ఒక్కటే ఎందుకు తీసిందో కూడా తెలిసింది.

కొడుకు అప్పటికే రెండడుగులు వేశాడు. ఆమె అతని మణికట్టు పట్టుకుంది. పట్టు గట్టిగానే ఉంది, ముప్పై ఏళ్ళు తడి దుప్పట్లు పిండిన చెయ్యి.

"నువ్వాగు. నువ్వెళ్తే కూత పెడతావు."

"అమ్మా, తన దగ్గర ఆ పదకొండూ…"

"తెలుసు. నేను అడుగుతాను."

ఆమె కోట్ల మధ్యకి వెళ్ళింది. ప్లాస్టిక్ తొడుగులు భుజాలకి రాసుకున్నాయి. వరస చివర, వెనక కిటికీ దగ్గర కోడలు గోడకి ఆనుకుని నిలబడి ఉంది. ఫోన్ కుడిచేత్తో చెవి దగ్గర పట్టుకుంది. ఎడమచెయ్యి స్వెటరు జేబులో ఉంది. కిటికీలోంచి పడే సాయంత్రపు వెలుతురులో ఆమె ముఖం ఉతికి ఉతికి రంగు పోయిన గుడ్డలా ఉంది.

అత్తగారిని చూసి ఫోన్ కాస్త దించింది. పెట్టేయలేదు. అందులోంచి డాక్టరమ్మ గొంతు సన్నగా ఏదో అంటూనే ఉంది.

"అమ్మాయ్," అంది పెద్దావిడ. పెళ్ళైననాటి నుంచీ ఎన్ని వేల జేబుల్లో చెయ్యి పెట్టిందో. ఒక్క మనిషిని ఒక్క మాట అడగడం చేతకాలేదు. పక్కనున్న కోటు అంచు పట్టుకుంది.

"పారేయాలంటే బేసిన్ ఉంది," అంది చివరికి. "నువ్వు పారేయలేదు. నా చేతికి దొరికేట్టు పెట్టావు."

కోడలి కళ్ళు నిండాయి. అయినా గొంతు మామూలుగానే ఉంది, చీటీ చూసి నంబరు చెబుతున్నట్టు.

"రోజూ పొద్దున్న మీరు బట్టల గంప దగ్గర కూర్చునే వేళకి మెట్ల మీద నిలబడేదాన్ని అత్తయ్యా. ఇవాళ అడుగుతారు అనుకునేదాన్ని. మీరు మాత్ర తీసేవారు. వెలుతురుకి పెట్టి చూసేవారు. కవర్లో వేసి, అంచు నాలుకతో తడిపి అంటించి, తేదీ రాసేవారు. నేను పైకి వెళ్ళిపోయేదాన్ని."

"అన్ని రోజులూ నిలబడ్డావా?"

"ముప్పై ఒక్క రోజులు."

"తర్వాత?"

"తర్వాత మానేశాను."

వేసుకోవడం అప్పటికే మానేసింది. ఇప్పుడు చెబుతున్నది మెట్ల మీద ఎదురుచూడటం మానేయడం గురించని పెద్దావిడ అడగక్కర్లేకపోయింది. కోటు అంచు వదిలి ఇంకో అడుగు ముందుకు వేసింది. ఇద్దరి మధ్యా ఇప్పుడు చెయ్యి చాపితే అందేంత దూరమే ఉంది. కానీ ఆమె చెయ్యి చాపలేదు. జేబులో చెయ్యి పెట్టడం ఆమెకి తెలిసిన పనే. ఇవాళ చేయాల్సింది ఆ పని కాదు.

వరస మొదట్లో కొడుకు ఊపిరి తీసుకోవడం వినబడుతోంది. ఫోన్‌లో డాక్టరమ్మ, అక్కడ ఎవరున్నారమ్మా, నేను లైన్లోనే ఉన్నాను, అంటోంది.

"అమ్మాయ్," అంది పెద్దావిడ, "నీ జేబులో ఏముంది తల్లీ?"

స్వెటరు జేబులో పిడికిలి బిగుసుకోవడం ఊలు మీది నుంచి కనబడింది.

"అడిగారు," అంది కోడలు. నవ్వో ఏడుపో తెలియనట్టు ఆమె పెదవి వంకర తిరిగింది. "ఇన్నాళ్ళకి అడిగారు."

చెయ్యి మాత్రం ఇంకా బయటికి రాలేదు.